గింజ స్వచ్ఛత తెలిసినోళ్లకు గిల్లిన చెయ్యి తెలియదా?

బహుళజాతి కంపెనీ అనగానే చదువుకున్నోళ్ల కళ్ల ముందు అద్దాల మేడ, విమానం, టై కట్టిన మనిషి మెదులుతారు. మన వాడలకు కంపెనీ అట్లా రాదు. మోటరు సైకిలు మీద ఆర్గనైజరై వస్తది. మేస్త్రీ చేతిలో అడ్వాన్సు పైకమై వస్తది. సీడు పత్తి చేలో మొగ్గ గిల్లే పనై వస్తది. వచ్చేది కంపెనీయే. కాని కంపెనీ వచ్చిందని ఎక్కడా రాసి ఉండదు.

నాలుగు దేశాల్లో వ్యాపారం చేసే కంపెనీ అన్ని చోట్ల పనినీ ఒక్క చేత్తో ఎట్లా నడుపుతది? మేనేజిమెంటు చదువులు చెప్పే కాలేజీల్లో దీని మీద లావుపాటి పుస్తకాలున్నాయి. వాటిల్లో హెడ్డాఫీసు గురించి ఉంటది. శాఖల గురించి, భాగస్వాముల గురించి, నాణ్యత గురించి ఉంటది. మొగ్గ గిల్లే పిల్ల గురించి ఉండదు. అందుకే ఆ ప్రశ్నను మేము కింది నుంచి పైకి అడుగుతున్నాం.

మా మాట ముందే చెప్తున్నాం. సముద్రాల అవతల కూర్చుని ఇక్కడి చేలో పండిన గింజ ఎంత స్వచ్ఛమో కనిపెట్టగలిగిన కంపెనీ, ఆ గింజను పుట్టించిన చెయ్యి ఎవరిదో, ఆ చేతికి ఎంత కూలి పడ్డదో తనకు తెలియదంటే నమ్మొద్దు. అది తెలియకపోవడం కాదు. తెలుసుకోకుండా ఉండేందుకు చేసుకున్న ఏర్పాటు.

ముట్టుకుంటేనే గింజ

1970లో గుజరాత్‌లోని సూరత్ పరిశోధన కేంద్రం నుంచి హెచ్-4 అనే హైబ్రిడ్ పత్తి వచ్చింది. రైతులు సాగు చేసిన మొదటి హైబ్రిడ్ పత్తి ప్రపంచం మొత్తానికీ అదే. హైబ్రిడ్ గింజను రైతు దాచుకుని మళ్లీ ఏడు నాటితే అదే పంట రాదు. ఏటేటా కొనాల్సిందే. విత్తనం వ్యాపారమంతా ఈ ఒక్క సంగతి మీద నిలబడింది.

మరి ఆ గింజ ఎట్లా తయారైతది? పత్తి పువ్వులో ఆడ, మగ రెండూ ఒక్కచోటే ఉంటాయి. ఆడ వరసలో ఉన్న చెట్టు మొగ్గ రేపు విచ్చుతదనగా ఈరోజు సాయంత్రమే దాని రేకులు, పుప్పొడి తిత్తులు గోటితో గిల్లి తీసెయ్యాలి. లోపలి కీలాగ్రానికి గీత పడకూడదు. మర్నాడు పొద్దుగాల మగ చెట్టు పువ్వు తెచ్చి ఆ పుప్పొడిని దాని మీద రుద్దాలి. ఒక్క మొగ్గకు ఇంత పని. అట్లాంటి మొగ్గలు ఎకరానికి వేలకు వేలు. రెండు మూడు నెలలు రోజూ ఇదే పని. దీన్ని మిషను చెయ్యదు, ట్రాక్టరు చెయ్యదు. ఒక్కొక్క మొగ్గనూ మనిషి ముట్టుకోవాల్సిందే.

ముట్టుకుంటే మైల అని ఎవరిని ఊరవతల పెట్టారో ఆ వాడల చేతులతోనే ఈ పని చేయించారు. 1990లలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సీడు పత్తి చేలల్లో పని చేసింది ఎక్కువగా చిన్న పిల్లలు. అందులోనూ ఆడపిల్లలు. ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా. ఎక్కువమంది ఎస్సీ, ఎస్టీ, బీసీ కుటుంబాల పిల్లలు. తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇచ్చి, సీజను మొత్తానికి పిల్లను కుదుర్చుకునేవాళ్లు. అప్పు తీరకపోతే వచ్చే సీజను కూడా అదే చేను. రోజుకు తొమ్మిది పది గంటలు, ఒక్కోసారి పన్నెండు. పురుగు మందు కొట్టిన చేలోనే పని, అక్కడే తిండి.

ఎందుకయ్యా పిల్లలంటే, చిన్న వేళ్లయితే మొగ్గను సుతారంగా గిల్లుతాయని జవాబు. చిన్న వేళ్ల గొప్పతనం సుతారం కాదు. వాటికి కూలి తక్కువ. అవి ఎదురు తిరగవు. ఇంకో జవాబు కూడా ఉండేది. ముట్టు వచ్చే ఆడవాళ్లు తాకితే పంట చెడిపోతదట! అందుకని పెద్దమనిషి కాని పిల్లలే మంచిదట. అమెరికా ప్రయోగశాల సైన్సు, మన ఊరి మైల పట్టింపు ఒకే చేలో పక్కపక్కన నడిచినయి. ఒకదానికొకటి అడ్డం రాలేదు. రెండూ కలిసి కూలి తగ్గించినయి.

సెయింట్ లూయిస్ నుంచి గద్వాల దాకా

ఇప్పుడు మెట్లు లెక్కపెడదాం. మోన్సాంటో అనే కంపెనీ హెడ్డాఫీసు అమెరికాలో సెయింట్ లూయిస్ నగరం. కాయతొలుచు పురుగును చంపే బీటీ జన్యువు దాని చేతిలో ఉంది. 1998లో అది మహారాష్ట్ర జాల్నాలోని మహికో అనే విత్తనాల కంపెనీలో 26 శాతం వాటా కొన్నది. ఇద్దరూ సగం సగం కలిసి మహికో మోన్సాంటో బయోటెక్ అనే ఇంకో కంపెనీ పెట్టారు. 2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. ఆ ఉమ్మడి కంపెనీ దేశంలోని పదుల కొద్దీ విత్తన కంపెనీలకు లైసెన్సులు ఇచ్చింది. లైసెన్సుకు ముందు 50 లక్షల రూపాయలు కట్టాలి. తర్వాత అమ్మిన ప్రతి పేకెట్టుకూ రాయల్టీ కట్టాలి. కొద్ది ఏళ్లకే దేశంలో పత్తి చేలు పదింట తొమ్మిది వంతులు బీటీ అయినయి.

గమనించండి. అమెరికా కంపెనీ ఇక్కడ పొలం కొనలేదు. కూలీలను పెట్టుకోలేదు. జన్యువు, కాగితం, సంతకం, అంతే. దాని కింద ముంబై ఉమ్మడి కంపెనీ. దాని కింద లైసెన్సు తీసుకున్న విత్తన కంపెనీ. దాని కింద ఆర్గనైజరు. ఆర్గనైజరు కింద సీడు రైతు. రైతు కింద మేస్త్రీ. అందరి కిందా కూలి. గద్వాలలో మొగ్గ గిల్లే మనిషికీ సెయింట్ లూయిస్‌కీ మధ్య ఐదు మెట్లు. ప్రతి మెట్టు మీదా ఒకడు కూర్చుని, తన కింద ఏం జరుగుతుందో తనకు సంబంధం లేదంటాడు.

మరి సంబంధం లేకపోతే అదుపు ఎట్లా వచ్చింది? సీడు చేను చేసే ఏ రైతునైనా అడగండి. ఆడ గింజ, మగ గింజ కంపెనీ ఇస్తది. వేరే రకం పత్తికి ఎంత ఎడంగా నాటాలో కంపెనీ చెప్తది. కంపెనీ మనుషులు చేనుకొచ్చి చూసిపోతారు. పండిన గింజ ఇంకొకరికి అమ్మడానికి లేదు. కొనుగోలు ధర కంపెనీదే. ఆపైన జీఓటీ ఉంది. రైతు గింజల్లోంచి కొన్ని తీసి మళ్లీ నాటి, మొలిచిన మొక్కల్ని చూసి అది అచ్చమైన హైబ్రిడో కాదో తేలుస్తారు. ఏ రైతు గింజకు ఆ రైతు లాటు నంబరు. ఫెయిలైతే గింజ తీసుకోరు. ఫలితం వచ్చేదాకా నెలల తరబడి పైకం ఆగిపోతది. ఈలోపు అడ్వాన్సు మీద వడ్డీ నడుస్తనే ఉంటది.

అంటే ఏ ఊరి ఏ చేలో ఏ మూల సరిగ్గా మొగ్గ గిల్లలేదో కంపెనీకి తెలుసు. ఆ తప్పుకు శిక్ష ఎవరికి వెయ్యాలో తెలుసు. కాని ఆ మొగ్గ గిల్లిన పిల్ల బడి మానేసిందన్నది తెలియదు. మడి కట్టుకున్నోడికి వంట ఎక్కడ మైలపడిందో తెలుస్తది, ఆ వడ్లు దంచిందెవరో తెలియదు. ఇది మనకు కొత్త విద్యేం కాదు. దొర పట్నంలో ఉండి గుమాస్తాతో సేద్యం చేయించినప్పుడు చూసిన విద్యే. దొర చేతికి మట్టి అంటదు. గాదె మాత్రం నిండుతది.

లాభానికి లేని మడి నేరానికెందుకు?

ఈ విద్య ఎంత దూరం పోతదో భోపాల్ చూపించింది. 1984 డిసెంబరు 2 రాత్రి విషవాయువు వేలమందిని చంపింది. ఆ ఫ్యాక్టరీ నడిపిన యూనియన్ కార్బైడ్ ఇండియాలో 50.9 శాతం వాటా అమెరికా యూనియన్ కార్బైడ్‌ది. సగానికి పైగా వాటా ఉన్నోడు యజమాని కాడా? లాభం వచ్చినన్నాళ్లూ యజమానే. శవాలు లేచిన తెల్లారి నుంచి ‘ఇండియా కంపెనీ వేరు, మేము వేరు’ అన్నాడు. 1986లో న్యూయార్క్ కోర్టు కేసును ఇండియాలోనే చూసుకొమ్మని పంపింది. 1989లో 47 కోట్ల డాలర్లకు బేరం కుదిరింది. కంపెనీ పెద్ద వారెన్ ఆండర్సన్ ప్రమాదమైన కొద్దిరోజులకే వచ్చాడు, అరెస్టయ్యాడు, బెయిలు మీద వెళ్లిపోయాడు. మళ్లీ భోపాల్ కోర్టు మెట్లెక్కకుండానే 2014లో చనిపోయాడు. 2010లో శిక్ష పడింది ఇక్కడి ఏడుగురు అధికారులకు, రెండేళ్లు. 2001లో కార్బైడ్‌ను కొన్న డౌ కంపెనీ పాత పాపం మాది కాదంది. ఇంకా పరిహారం ఇప్పించమని కేంద్రం వేసిన పిటిషన్‌ను 2023 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది.

సీడు చేను భోపాల్ కాదు. కాని తాడు అదే, పేనిన పద్ధతి అదే. ఆజ్ఞ పై నుంచి కిందికి దిగుతది. లాభం కింది నుంచి పైకి పోతది. ఈ రెండింటికీ దేశాల సరిహద్దు అడ్డం రాదు. నేరం మాత్రం పైకి పోబోతే ప్రతి సరిహద్దు దగ్గరా మడి గీత ఉంటది. వేరే దేశం, వేరే చట్టం, వేరే కంపెనీ. కంపెనీకి కంపెనీకి మధ్య ఈ అంటరానితనం లాభం పంచుకునేటప్పుడు ఎక్కడ పోయింది?

2006 చెప్పిన పాఠం

‘ఏం చెయ్యగలం, అంత పెద్ద కంపెనీ, గట్టిగా అడిగితే లేచిపోతది’ అనేవాళ్లకు మన రాష్ట్రంలో జరిగిందే చెప్తాం. బీటీ పత్తి 450 గ్రాముల పేకెట్టు 1,600 రూపాయలకు పైన అమ్మారు. 2005 నాటికి అందులో 1,250 రూపాయలు రాయల్టీయే. 2006 జనవరిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాల కమిషన్‌కు ఎక్కింది. చైనాలో తక్కువ తీసుకుని మా రైతు దగ్గర ఇంత ఎందుకు గుంజుతున్నారని అడిగింది. మే నెలలో కమిషన్ రాయల్టీ తగ్గించమంది. రాష్ట్రం పేకెట్టుకు 750 రూపాయలు ధర కట్టింది. కంపెనీ సుప్రీంకోర్టుకు పోయినా స్టే దొరకలేదు. కంపెనీ లేచిపోయిందా? లేదు. 750కే అమ్మింది. తర్వాత కేంద్రమే ధర కట్టడం మొదలుపెట్టింది. 2016లో బోల్‌గార్డ్-2 పేకెట్టు 800, అందులో రాయల్టీ 49 రూపాయలు. 2020కి రాయల్టీ సున్నా.

ప్రభుత్వం గట్టిగా పట్టుకుంటే సెయింట్ లూయిస్ దాకా తాడు లాగొచ్చని అప్పుడే తేలింది. అయితే ఆ తాడు ఎవరి కోసం లాగారు? పేకెట్టు కొనే రైతు కోసం. మంచిదే. ఆ రైతుల్లో మనవాళ్లూ ఉన్నారు. కాని పేకెట్టు ధరకు కమిషన్‌కెక్కిన సర్కారు, పేకెట్టు లోపలి గింజను పుట్టించిన కూలి ధరకు ఏ మెట్టూ ఎక్కలేదు. 2007లో పత్తి విత్తనాల చట్టం చేశారు. దాని పేరులోనే సరఫరా ఉంది, పంపిణీ ఉంది, అమ్మకం ఉంది, అమ్మకం ధర ఉంది. కూలి అన్న మాట లేదు. భూమి ఉన్నోడి గొంతు అసెంబ్లీ దాకా పోయింది. భూమి లేనోడి గొంతు గట్టు దాటలేదు.

పిల్లలు బయటికొచ్చారు, కూలి ఎక్కడుంది?

కంపెనీలు ఏమీ చెయ్యలేదని మేము అనం. 2003లో నెదర్లాండ్స్ నుంచి వెలువడిన నివేదిక ఒకటి మన సీడు చేలల్లో పిల్లల చాకిరీని బయటపెట్టి, మోన్సాంటో, సింజెంటా, బేయర్, యూనిలీవర్, అడ్వాంటా పేర్లు రాసింది. యూరప్‌లో ప్రశ్నలు లేచినయి. ఇక్కడ అంతకు ముందు నుంచే పిల్లల్ని బడికి తెచ్చే ఉద్యమం నడుస్తోంది. రెండూ కలిసి నొక్కితే కొన్ని కంపెనీలు దిగొచ్చినయి. పిల్లల్ని పెట్టని రైతుకు బోనసు, పెట్టిన రైతుకు కోత అన్నయి. తనిఖీ మనుషుల్ని పంపినయి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు మన దగ్గర చేలల్లోంచి చాలావరకు బయటికొచ్చారు. ఇది గెలుపే. చిన్నది చెయ్యొద్దు.

కాని ఈ గెలుపు రెండు సంగతులు కూడా చెప్పింది. ఒకటి, చేలోకి మా చూపు రాదన్న కంపెనీలు తలుచుకోగానే ఆ చేనుకే తనిఖీ మనిషిని పంపగలిగినయి. అంటే ముందు నుంచీ పంపగలిగేవే. రెండు, ధర. 2005 నాటికే పరిశోధకులు లెక్కగట్టి చూపించారు. కంపెనీ ఇచ్చే కొనుగోలు ధరకు పెద్దవాళ్లకు సరైన కూలి ఇచ్చి సీడు పండిస్తే రైతుకు గిట్టదని. ధరలోనే పిల్లల కూలి దాగి ఉంది. ధర ముట్టకుండా పిల్లల్ని మాత్రం తియ్యమంటే ఆ భారం ఎవరి మీద పడతది? ఇంటి ఆడవాళ్ల మీద. వయసు పదిహేనో పదహారో ఉన్న పిల్లల మీద. వలస వచ్చినోళ్ల మీద. గుజరాత్ సీడు చేలకు దక్షిణ రాజస్థాన్ ఆదివాసీ పిల్లలు వలస పోయిన కథ ఇదే. 2016లో బాలకార్మిక చట్టం సవరించి పద్నాలుగు లోపు పిల్లలకు అన్ని పనులూ నిషేధం అన్నారు. కాని ఇంటి పనికి, సొంత చేనుకు సాయం చెయ్యొచ్చని సందు పెట్టారు. చిన్న కమతాల్లో పండే సీడు పత్తికి ఆ సందు చాలు.

2018లో బేయర్ అనే జర్మనీ కంపెనీ మోన్సాంటోను 6,300 కోట్ల డాలర్లకు కొనేసింది. మోన్సాంటో పేరే తీసేసింది. పేరు మారొచ్చు, జెండా మారొచ్చు. గద్వాల జిల్లా నేటికీ సీడు పత్తికి పెద్ద కేంద్రమే. మొగ్గ గిల్లే చేతులు నేటికీ మన వాడల చేతులే.

ఇద్దరి మాటా సగమే

ఇక్కడ మన మిత్రులతో కూడా ఒక మాట. ఎర్రజెండా అన్నలు సామ్రాజ్యవాదం అంటారు. అమెరికాను తిట్టి, రైతు-కూలీ ఐక్యత అని మీటింగు ముగిస్తారు. అమెరికా దోచింది నిజమే. కాని అడ్వాన్సు ఇచ్చి పిల్లను కుదుర్చుకున్నోడు అమెరికావాడు కాదు. మనవాళ్లలో కొందరు ఊళ్లో భూస్వామినే చూపించి ఆగిపోతారు. వాడు దోచింది కూడా నిజమే. కాని వాడి ధర కట్టింది వాడు కాదు. కంపెనీ రైతును పిండితే, రైతు తనకు నొప్పి తగలకుండా ఆ పిండుడును కిందికి దింపుకున్నాడు. దింపడానికి ఊళ్లో కులం తయారుగా ఉంది. నిచ్చెన మెట్లు ముందే వేసున్న ఊరు దొరికింది కాబట్టే కంపెనీకి ఇంత చౌకగా పడింది. దూర దేశపు కంపెనీకి ఇక్కడ మేనేజరు పని చేసి పెట్టింది కులమే. జీతం లేని మేనేజరు.

కాబట్టి రెండు వైపులా కొట్లాడాలి. ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని దాచొద్దు.

ఏం అడగాలి, ఏం చెయ్యాలి

ఒకటి. సీడు ఒప్పందం తెలుగులో ఉండాలి. అందులో కొనుగోలు ధర ఎట్లా కట్టారో, పెద్దవాళ్ల కూలి ఎన్ని రోజులకు ఎంత వేశారో అంకెల్లో రాయాలి. ప్రభుత్వ కనీస కూలికి తక్కువ వేసిన ఒప్పందం చెల్లకూడదు.

రెండు. విత్తన కంపెనీకి లైసెన్సు ఇచ్చేటప్పుడే షరతు పెట్టాలి. లాటు నంబరు ఉన్న ప్రతి చేనుకూ కూలీల మస్టరు ఉండాలి. గింజకు నంబరు ఉన్నప్పుడు మనిషికి లెక్క ఉండదా?

మూడు. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు యజమాని కట్టాలన్న సూత్రాన్ని 1970లోనే చట్టంలో రాశారు. ఆ సూత్రం సీడు చేను దాకా రావాలి. ఆర్గనైజరు ఎగ్గొడితే కంపెనీ కట్టాలి. కంపెనీ తప్పించుకుంటే రాయల్టీ తిన్నోడు కట్టాలి. మందు వాసనకు పడిపోయిన కూలికి వైద్యం, పరిహారం కూడా ఇదే దారిలో రావాలి.

నాలుగు. కంపెనీ పుట్టిన దేశంలో కూడా అడగాలి. కింది మెట్ల మీద జరిగే అన్యాయానికి పై కంపెనీ కాపలా కాయాలని 2017లో ఫ్రాన్సు, 2023 నుంచి జర్మనీ చట్టాలు పెట్టినయి. అక్కడి కంపెనీలు ఇలాంటి చట్టాలను పలచన చెయ్యమని ఒత్తిడి తెస్తున్నాయి. కింది మెట్టు గొంతు అక్కడ వినపడకపోతే ఆ చట్టాలు కాగితాలుగానే మిగుల్తాయి. మన ఫిర్యాదు కలెక్టరు దగ్గర ఆగనక్కర్లేదు.

ఐదోది మన పని. సీజను మొదలుకాక ముందే ప్రతి వాడలో ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ చేను, ఏ రైతు, ఏ ఆర్గనైజరు, ఏ కంపెనీ గింజ, ఎన్ని రోజుల పని, ఎంత కూలి, ఎంత అడ్వాన్సు, ఎంత వడ్డీ, ఎవరికి జబ్బు చేసింది, అన్నీ తేదీ వేసి రాయండి. చదువుకున్న పిల్లలు రాయాలి, అక్కలు చెప్పాలి. కంపెనీ బలమంతా లెక్కలో ఉంది. మన దగ్గర లెక్క లేదన్నది దాని ధైర్యం.

వాడలో రాసిన ఆ లెక్క పట్టుకుని ఆర్గనైజరు దగ్గరికి పోదాం, లేబర్ ఆఫీసుకు పోదాం, అవసరమైతే జర్మనీ దాకా ఉత్తరం రాద్దాం. గింజకు జీఓటీ పెట్టినోళ్లకు ఈసారి మనం పెడదాం పరీక్ష. పాసయితే కూలి కట్టి గింజ తీసుకుపోతారు. ఫెయిలైతే మొగ్గ గిల్లే చెయ్యి ఆగుతది.